అంగోలా, మొజాంబిక్ పోగొట్టింది సలజారా, సోరెసా? మా ఇంటి మామ్మగారు ఒకటంటారు, కింద కాఫీ కొట్టు పెద్దాయన ఇంకొకటంటారు

తణుకు_అమ్మాయి అడిగారు:

అందరికీ నమస్కారం. నేను లిస్బన్‌లో చదువుకుంటున్నాను, వచ్చి రెండేళ్లయింది. ఊరి పక్కనే అమదోరాలో ఒక మామ్మగారి ఇంట్లో గది అద్దెకు తీసుకున్నాను. ఆవిడ పుట్టింది పోర్చుగల్‌లో కాదు, అంగోలాలో. వాళ్ల ఊరిని అప్పట్లో నోవా లిస్బోవా అనేవారట, ఇప్పుడది హువాంబో. భర్త బెంగెలా రైల్వే వర్క్‌షాపులో ఫిట్టర్. 1975 సెప్టెంబరులో ఇద్దరు చిన్నపిల్లలతో, రెండు సూట్‌కేసులతో విమానమెక్కి లిస్బన్‌లో దిగారు. ఆవిడ అంతకుముందు పోర్చుగల్ మొహమే చూడలేదు. అయినా ఇక్కడివాళ్లు అలా వచ్చినవాళ్లందరినీ 'రెతొర్నాదోలు' అన్నారు, అంటే తిరిగొచ్చినవాళ్లు అని. "ఎప్పుడూ లేని చోటికి తిరిగి రావడం ఏంటమ్మా" అంటుంది ఆవిడ.

కొన్ని నెలలు ప్రభుత్వం వాళ్లను సముద్రం ఒడ్డున ఒక హోటల్‌లో ఉంచిందట. నలుగురికీ ఒకే గది. కొందరి సామాన్లు ఓడల్లో వచ్చాయి. బెలేంలో పాత నావికుల స్మారకం ఉంది కదా, రాతి ఓడలా ఉంటుంది, దాని చుట్టూ చెక్కపెట్టెలు గుట్టలుగా పడి ఉన్న ఫొటో ఒకటి ఆవిడ దగ్గరుంది. వాటిలో వాళ్ల పెట్టె లేదు. ఆవిడ దృష్టిలో తప్పంతా 1974లో విదేశాంగమంత్రి అయిన మారియో సోరెస్‌ది. "మా ఇల్లు, మా వీధి, మా నాన్న సమాధి, అన్నీ సంతకం పెట్టి ఇచ్చేశాడు" అంటుంది.

మా బిల్డింగ్ కింద కాఫీ కొట్లో రోజూ ఒక పెద్దాయన కూర్చుంటారు. ఆయన 1971 నుంచి 1973 దాకా పోర్చుగీసు గినీలో (ఇప్పటి గినీ-బిస్సావ్) సైనికుడు. 1974లో సైన్యం తిరగబడిన రోజు ఏప్రిల్ 25 వస్తే చొక్కాకి ఎర్ర కార్నేషన్ పువ్వు పెట్టుకుంటారు. ఆ రోజు మామ్మగారు కిందికి దిగదు, కిటికీ తలుపులు కూడా వేసేస్తుంది. చాలా ఏళ్లు పోర్చుగల్‌ని ఏలిన సలజార్ మీద ఆయన మాటేమో, "పోగొట్టింది ఆ ముసలాడు సలజారే. మిగిలినవాళ్లు శవాన్ని మోశారు, అంతే."

ఇద్దరూ నాకు కావలసినవాళ్లే. మొదటి చలికాలం నాకు జ్వరం వస్తే ఆవిడ మూడు రోజులు సూప్ కాచి పెట్టింది. ఆయన నా రెసిడెన్స్ పర్మిట్ కాగితాలు నింపడానికి రెండు సాయంత్రాలు కూర్చున్నారు. మనం బళ్లో పోర్చుగీసువాళ్ల గురించి చదివింది వాస్కో డ గామా, ఆ తర్వాత ఏకంగా గోవా విముక్తి. మధ్యలో ఏం జరిగిందో నాకు తెలియదు. వీళ్లిద్దరిలో ఎవరి మాట నిజం? కాస్త తీరిగ్గా చెప్పేవాళ్లుంటే చెప్పండి.

---

చరిత్ర_పిచ్చోడు జవాబు:

అక్కా, నేను మామ్మగారి వైపే. తేదీలు చూడండి. 1974 ఏప్రిల్ 25న లిస్బన్‌లో సైన్యం తిరగబడి ప్రభుత్వాన్ని కూల్చింది. 1975 నవంబరు 11కి అంగోలా చేతిలోంచి పోయింది. ఐదు వందల ఏళ్ల నాటి వ్యవహారాన్ని ఏడాదిన్నరలో ముగించారు. 1975 జనవరిలో అల్వోర్‌లో మూడు అంగోలా పార్టీలతో ఒప్పందం చేసుకున్నారు, మార్చికల్లా ఆ మూడూ వీధుల్లో కాల్చుకుంటున్నాయి. ఎన్నికలు పెడతామన్నారు, పెట్టలేదు. చివరి రోజున పోర్చుగల్ హైకమిషనర్ అధికారాన్ని ఏ పార్టీకీ ఇవ్వకుండా "అంగోలా ప్రజలకు" అని చెప్పి ఓడెక్కి వెళ్లిపోయాడు. దాదాపు ఐదు లక్షల మంది ఆఫ్రికా నుంచి వచ్చి పోర్చుగల్‌లో పడ్డారు. తూర్పు తిమోర్ సంగతి ఇంకా ఘోరం. 1975 డిసెంబరు 7న ఇండోనేషియా దాడి చేస్తే పోర్చుగల్ తరఫున అడ్డుకునేవాళ్లే లేరు. నాయకత్వం అంటే ఇదేనా?

---

సోషల్_మాస్టారు_విజయనగరం జవాబు:

అమ్మా, నేను ముప్పై రెండేళ్లు హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యాను. నీ ప్రశ్న చదివాక రాత్రి సరిగా నిద్రపట్టలేదు. దానికి కారణం మా నాన్నగారు.

ఆయన సైన్యంలో పనిచేశారు. 1961 డిసెంబరులో గోవా వెళ్లారు. ఆ యుద్ధం రెండు రోజులు కూడా సాగలేదు. 18న మొదలైంది, 19 రాత్రికి అక్కడి గవర్నర్ జనరల్ వసాలో ఇ సిల్వా లొంగిపోయాడు. అందుకే నాన్నగారు యుద్ధం గురించి ఎక్కువ చెప్పేవారు కాదు. ఆయన చెప్పేదంతా ఆ తర్వాత నెలల గురించే, ఖైదీల శిబిరం దగ్గర కాపలా గురించే. చిక్కిన పోర్చుగీసు సైనికులు 3 వేల పైచిలుకు. వాళ్లలో ఒక కుర్రాడు, ఇరవై ఏళ్లుంటాయేమో, చొక్కా గుండీ ఊడిపోతే సూదీదారం కావాలని సైగ చేస్తూ "బుతావ్" లాంటి మాటేదో అన్నాడట. నాన్నగారు "బొత్తామా?" అన్నారట. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారట. మన బొత్తాం వాళ్ల మాటేనని నాన్నగారికి అప్పటికి తెలియదు. నేను పెద్దయి చదువుకున్నాక చెబితే చాలాసేపు మాట్లాడకుండా కూర్చుండిపోయారు.

ఆ కుర్రాళ్లు శిబిరంలో ఐదు నెలలు ఉన్నారు. 1962 మేలో గానీ ఇంటికి పోలేదు. ఎందుకో తెలుసా? వాళ్లు బతికి ఉండటమే వాళ్ల ప్రభుత్వానికి ఇష్టం లేదు. మాట తూలి అనడం లేదమ్మా. డిసెంబరు 14న సలజార్ లిస్బన్ నుంచి గోవా గవర్నర్‌కు ఒక తంతి పంపాడు. సంధి ఉండదు, ఖైదీలుగా చిక్కడం ఉండదు, మన సైనికులూ నావికులూ గెలవాలి లేదా చావాలి అన్నది దాని సారం. అవతల భారత సైన్యం, విమానాలు, యుద్ధనౌకలు. ఇవతల ఆ 3 వేల మంది, ఒక పాత ఓడ. గెలవరని సలజార్‌కి తెలుసు. అంటే ఆయన అడిగింది చావమనే. గవర్నర్ ఆ మాట వినలేదు కాబట్టి ఆ గుండీ కుర్రాడు బతికాడు. ఆ గవర్నర్‌ని 1963లో సైన్యం నుంచి వెళ్లగొట్టారు. ఆయన పరువు ఆయనకు తిరిగి దక్కింది 1974 తర్వాతే.

ఇప్పుడు నీ ప్రశ్నకి వస్తాను.

సలజార్ కోయింబ్రాలో అర్థశాస్త్రం చెప్పిన ప్రొఫెసర్. 1928లో ఆర్థికమంత్రి అయ్యాడు, 1932 నుంచి 1968 దాకా ప్రధాని. ఎన్నికలు పేరుకే, పత్రికలకు సెన్సారు, రహస్య పోలీసు. లెక్కలు బాగా తెలిసిన మనిషి. ఖజానా సరిచేశాడు, రెండో ప్రపంచయుద్ధంలోకి దేశాన్ని పోనివ్వలేదు. అంత జాగ్రత్తగా లెక్క చూసే మనిషి వలసల దగ్గరికి వచ్చేసరికి లెక్క చూడటం మానేశాడు. ఐరాసలో, బయటి దేశాల్లో వలసల గురించి అడుగుతారని 1951లో పేరు మార్చాడు. ఇకమీదట అవి వలసలు కావు, "సముద్రం అవతలి రాష్ట్రాలు". అంగోలా పోర్చుగల్‌లో ఒక భాగం, పోర్చుగల్ ఉత్తరాన ఉన్న మినో ప్రాంతం ఎలాగో అంగోలా అలాగే అన్నారు. పేరు మారింది గానీ, అక్కడి నల్లవాళ్లలో చాలామందికి పౌరసత్వమే లేదు. ఆ చట్టం పోయింది 1961 సెప్టెంబరులో, నెత్తురు పారాక. నిర్బంధ కూలీ, నిర్బంధంగా పత్తి వేయించడం అన్నీ ఉండేవి. 1961 జనవరిలో మొదటి అలజడి లేచింది అంగోలాలోని కసాంజె పత్తి చేలల్లోనే.

ఆ 1961 సంవత్సరాన్ని బాగా చూడమ్మా, జవాబంతా అక్కడే ఉంది. ఫిబ్రవరిలో లువాండా జైలు మీద దాడి. మార్చి 15న ఉత్తర అంగోలాలో తిరుగుబాటు. తోటల్లో తెల్లవాళ్లనీ, వాళ్ల కింద పనిచేసే నల్లవాళ్లనీ కత్తులతో నరికారు. దానికి బదులుగా పోర్చుగీసువాళ్లు చంపింది అంతకు ఎన్నో రెట్లు. అప్పుడు లిస్బన్‌లో ఎవరు లేచారనుకున్నావు? సలజార్ సొంత రక్షణమంత్రి, జనరల్ బొటేల్యు మొనీజ్. ఈ దారి తప్పు, యుద్ధంతో తేలేది కాదు, రాజకీయంగా దారి చూడాలి అని ఏప్రిల్‌లో సలజార్‌ని దింపే ప్రయత్నం చేశాడు. కుదరలేదు. సలజార్ ఆయన్ని తీసేసి రక్షణశాఖ తన చేతిలోకి తీసుకుని, "అంగోలాకు, వేగంగా, బలంగా" అని రేడియోలో చెప్పి ఓడల నిండా సైన్యం పంపాడు. ఆ ప్రయత్నంలో ఉన్నందుకు పదవి పోగొట్టుకున్న ఇంకొకాయన కోస్తా గోమెస్. పదమూడేళ్ల తర్వాత, 1974 సెప్టెంబరులో, పోర్చుగల్ అధ్యక్షుడైంది ఆయనే. అంటే 1974లో చేసిన పనిని 1961లోనే చేద్దామన్నవాళ్లు సలజార్ బల్ల చుట్టూనే ఉన్నారు. వేరే దారి కనపడలేదు అనడానికి వీల్లేదు. చూపించినవాణ్ణి ఇంటికి పంపించారు.

ఆ పదమూడేళ్లలో ఏం జరిగిందో మీ కాఫీ కొట్టు పెద్దాయనకి నాకంటే తెలుసు. 1963లో గినీ, 1964లో మొజాంబిక్. మూడు చోట్ల ఒకేసారి యుద్ధం. దేశ జనాభా 90 లక్షలు. చనిపోయిన సైనికులు 8 వేలకు పైనే. కాళ్లు పోయినవాళ్లు, మతి చెదిరినవాళ్లు వేరే. బడ్జెట్‌లో దాదాపు 40 శాతం సైన్యానికే పోయిన ఏళ్లున్నాయి. పిల్లల్ని యుద్ధానికి పంపలేక పల్లెల్లో తల్లులు వాళ్లని రాత్రికి రాత్రి కొండలు దాటించి ఫ్రాన్సుకు పంపేశారు.

1968లో సలజార్ కుర్చీలోంచి పడి తలకు దెబ్బ తగిలింది. మెదడు దెబ్బతింది. మార్సెలో కెయ్తానోని ప్రధానిని చేశారు. ఆ సంగతి సలజార్‌కి ఎవరూ చెప్పలేదు. మంత్రులు వచ్చి ఇంకా ఆయనే పాలిస్తున్నట్టు కూర్చుని మాట్లాడి పోయేవారు. 1970 జులైలో చనిపోయేదాకా అలాగే. చాలామంది దీన్ని సరదాగా చెప్పుకుంటారు. నాకు మాత్రం నవ్వు రాదు. ఆ రెండేళ్లూ గినీ అడవుల్లో కుర్రాళ్లు చచ్చిపోతూనే ఉన్నారు.

కెయ్తానో మీద నాకు సలజార్ మీదకంటే ఎక్కువ బాధ. ఎందుకంటే ఆయనకు తెలుసు. 1962లోనే సమాఖ్య లాంటిది ఆలోచించాలని రాసిన మనిషి. పదవిలోకి వచ్చాక చేయలేకపోయాడు. 1972 మేలో గినీ గవర్నరైన జనరల్ స్పినోలా సరిహద్దు దాటి సెనెగల్ అధ్యక్షుడు సెంఘోర్‌ని కలిసి, అమిల్కార్ కబ్రాల్ పార్టీతో కాల్పుల విరమణకు దారి వెతికాడు. కబ్రాల్ మాట్లాడగలిగిన మనిషి. వ్యవసాయ ఇంజనీరు, లిస్బన్‌లోనే చదువుకున్నాడు. మా పోరాటం పోర్చుగల్ ప్రజల మీద కాదు, వలస పాలన మీద అని పదేపదే చెప్పినవాడు. కెయ్తానో వద్దన్నాడు. ఉగ్రవాదులతో మాట్లాడి వెనక్కి రావడం కంటే పరువుగా ఓడిపోయి రావడమే నయం అన్నాడట. ఇది స్పినోలా చెప్పిన మాట. గోవాకి పంపిన తంతికీ ఈ మాటకీ తేడా ఏముందమ్మా? పరువు పైవాళ్లది, ప్రాణాలు బొత్తాం కుర్రాడివి. ఎనిమిది నెలల తర్వాత, 1973 జనవరిలో, పక్క దేశం రాజధాని కొనాక్రీలో కబ్రాల్‌ని కాల్చి చంపారు. ఆ సెప్టెంబరులోనే గినీ-బిస్సావ్ తన స్వాతంత్ర్యం తనే ప్రకటించుకుంది. పోర్చుగల్ గుర్తించకముందే ఎన్నో దేశాలు గుర్తించాయి.

ఇక 1974. తిరగబడింది జనరల్స్ కాదు, కెప్టెన్లు. రెండోసారి, మూడోసారి ఆఫ్రికా పోయి వచ్చినవాళ్లు. వాళ్ల మొదటి గొడవ ప్రమోషన్ల గురించే. 1973లో ప్రభుత్వం తాత్కాలిక అధికారులను చిన్న కోర్సుతో పర్మనెంటు చేసే ఉత్తర్వు తెచ్చింది, దాంతో మండింది. మంట అక్కడ అంటుకుంది గానీ కట్టెలు పదమూడేళ్లవి.

సోరెస్ అప్పుడు ఎక్కడున్నాడు? పారిస్‌లో, ప్రవాసంలో. ఏప్రిల్ చివర్లో రైల్లో వచ్చాడు, మేలో విదేశాంగమంత్రి అయ్యాడు. ఆయన చేతిలో ఏముంది? లిస్బన్ వీధుల్లో జనం "వలసలకు ఇక ఒక్క సైనికుణ్ణీ పంపొద్దు" అని అరుస్తున్నారు. అక్కడున్న సైన్యం ఇక కాల్చదు. బేరమాడటానికి అవతలివాళ్లకు చూపించే బలం లేదు, ఇచ్చే ఆశ లేదు. సంతకం పెట్టినవాడి పేరు కాగితం మీద ఉంటుంది. ఖాళీ చేతులతో అతన్ని బల్ల దగ్గరికి తోసినవాడి పేరు ఉండదు. మామ్మగారి చెక్కపెట్టెకి మేకులు కొట్టింది 1961లోనమ్మా, 1975లో కాదు.

అయినా మామ్మగారిది తప్పు అని నేను అనను. 1974, 75లో లిస్బన్‌లో ఏడాదిన్నరలో ఆరు ప్రభుత్వాలు మారాయి. ఎవరికి వారు అధికారం ఎవరిదో తేల్చుకునే పనిలో ఉన్నారు. అంగోలాలో ఉన్న మనుషుల గురించి, నల్లవాళ్లయినా తెల్లవాళ్లయినా, శ్రద్ధగా కూర్చుని ఆలోచించిన నాయకుడు నాకు కనపడలేదు. పైన తమ్ముడు తిమోర్ గురించి అన్నది నూటికి నూరుపాళ్లు నిజం. ఆవిడ కోపం న్యాయమైనదే, కాకపోతే సగం దూరమే వెళ్లింది.

ఇంకొక్క మాట. మనం ఇందాకటి నుంచి "పోగొట్టింది ఎవరు" అంటున్నాం. పోయింది ఎవరికి? హువాంబో చుట్టూ ఉన్న ఒవింబుందు జనానికి అది పోవడం కాదు కదా. వాళ్లకీ ఆ తర్వాత సుఖం దక్కలేదు, అంతర్యుద్ధం 2002 దాకా సాగింది. వీలైతే మామ్మగారిని ఒక సంగతి అడుగు. ఆ ఇంట్లో వంట ఎవరు చేసేవారు? వాళ్లు ఏమయ్యారు? గట్టిగా కాదు, మామూలుగా మాటల్లో అడుగు.

---

యానాం_రాజు జవాబు:

మాస్టారూ, కళ్లు చెమర్చాయి. మాది యానాం కాబట్టి ఒక మాట చెప్పాలనిపించింది. నాయకుడు తెలివైనవాడైతే ఎలా ఉంటుందో మా ఊరే సాక్ష్యం. 1954 మేలో వియత్నాంలో దియెన్ బియెన్ ఫూ దగ్గర ఫ్రాన్సు ఓడిపోయింది. జూన్ 13న దడాల రఫేల్ రమణయ్యగారి నాయకత్వంలో యానాం ఫ్రెంచి పాలన నుంచి బయటపడింది. ఆ వారంలోనే మెండెస్ ఫ్రాన్స్ అనే ఆయన ఫ్రాన్సు ప్రధాని అయ్యాడు. జులైకల్లా ఇండోచైనా యుద్ధం ఆపాడు. అక్టోబరు 18న పుదుచ్చేరి దగ్గర కీళూరులో ప్రజాప్రతినిధులు 178 మంది ఓటేశారు. 170 మంది భారత్‌లో కలవాలన్నారు, 8 మంది వద్దన్నారు. నవంబరు 1న పుదుచ్చేరి, కారైక్కాల్, మాహే, యానాం భారత్ చేతికి వచ్చాయి.

మా తాతయ్య తమ్ముడు ఫ్రెంచి కొలువులో ఉండేవారు. ఒప్పందంలో ఫ్రెంచి పౌరసత్వం ఎంచుకునే వీలుంటే ఎంచుకున్నారు. ఆయన్ని ఊళ్లో ఎవరూ పల్లెత్తు మాట అనలేదు, మా వీధిలోనే ఉండి అక్కడే పోయారు. మామ్మగారికి అలాంటి ఏర్పాటు చేసిన నాయకుడు ఉండి ఉంటే ఎంత బాగుండేది! గోవాకి కూడా ఇలాగే జరగొచ్చు కదా. 1950లోనే మన ప్రభుత్వం మాట్లాడుకుందాం రమ్మని పోర్చుగల్‌ని అడిగింది.

---

సోషల్_మాస్టారు_విజయనగరం జవాబు:

రాజుగారూ, మీ చిన్న తాతగారి సంగతి రాసి మంచి పని చేశారు. అలాంటి మనిషి ఉన్న వీధిలో అలా పోవడానికి కూడా ఎవరో ఒకరు ముందు ఆలోచించి కాగితం రాసి ఉండాలి.

అయితే ఒక తేదీ గుర్తుచేస్తాను. యానాం మన చేతికి వచ్చిన 1954 నవంబరు 1, సరిగ్గా అదే రోజున అల్జీరియాలో తిరుగుబాటు మొదలైంది. ఆ నెలలోనే ఇదే మెండెస్ ఫ్రాన్స్ పార్లమెంటులో అల్జీరియా ఫ్రాన్సులో భాగం, రాజీ లేదు అన్నాడు. యానాంని వదిలిన చేతే అల్జీరియాని పట్టుకుంది. అక్కడ పది లక్షల మంది యూరప్‌వాళ్లు స్థిరపడి ఉన్నారు, వాళ్ల ఓట్లున్నాయి, వాళ్లకు పార్లమెంటులో మనుషులున్నారు. యానాంలో అలా స్థిరపడినవాళ్ల బలం లేదు. దాని ఫలితం ఎనిమిదేళ్ల యుద్ధం. దాన్ని 1962లో ముగించింది అప్పటి ఫ్రాన్సు అధ్యక్షుడు డి గాల్. ఆయన్ని అధికారంలోకి తెచ్చిందే అల్జీరియాని వదలొద్దన్నవాళ్లు. వాళ్ల ఎదుటే మాట మార్చి, తన మీద జరిగిన హత్యాయత్నాలను తట్టుకుని బయటికి వచ్చాడు. యానాం చట్టబద్ధంగా మనదైంది కూడా ఆ సంవత్సరమే కదా, ఆగస్టు 16న. అల్జీరియా తేలేదాకా ఫ్రెంచి పార్లమెంటు మన ఒప్పందాన్ని ఆమోదించకుండా నాన్చింది.

కాబట్టి తెలివి ఒక్కటే చాలదు రాజుగారూ. మెండెస్ ఫ్రాన్స్‌కి తెలివి తక్కువేం కాదు. తన వెనకున్నవాళ్లకే "మనం ఓడిపోయాం" అని చెప్పగలగాలి. డి గాల్‌కి ఆ పని చేయడానికి ఓటర్లు ఉన్నారు, రెండుసార్లు జనాన్ని ఓటు అడిగాడు. సలజార్ వలసల గురించి జనాన్ని ఏనాడూ అడగలేదు. అడిగే అలవాటే లేని రాజ్యంలో నాయకుడికి నిజం ఎవరు చెప్తారు? చెప్పిన బొటేల్యు మొనీజ్‌ని ఏం చేశాడో చూశాం. చివరికి సలజార్ తల దెబ్బతిన్నాక కూడా ఆయనకు ఎవరూ నిజం చెప్పలేదు.

---

చరిత్ర_పిచ్చోడు జవాబు:

మాస్టారూ, 1961 రక్షణమంత్రి సంగతి నాకు తెలియదు. అది తెలిశాక నా మొదటి జవాబు సగమే నిలబడుతుంది. అంగోలా, తిమోర్ విషయంలో మాత్రం నా మాట మీదే ఉన్నాను.

---

తణుకు_అమ్మాయి జవాబు:

మాస్టారూ, రాజుగారూ, తమ్ముడూ, అందరికీ చాలా చాలా థాంక్స్. నాలుగు రోజులు ఆలస్యంగా రాస్తున్నాను, ఏమీ అనుకోకండి. ఇద్దరితోనూ మాట్లాడాకే రాయాలనుకున్నాను.

ముందు కాఫీ కొట్టు పెద్దాయన. మీరు రాసిందంతా నాకొచ్చిన పోర్చుగీసులో చెప్పాను. కెయ్తానో మాట దగ్గర తల ఊపారు. తర్వాత ఆయన చెప్పింది నేను ఎదురుచూడనిది. గినీలో ఆయన దళంలో స్థానిక నల్ల సైనికులు చాలామంది ఉండేవారట. దారి వాళ్లే చూపించేవారు, మందుపాతరలు వాళ్లే కనిపెట్టేవారు. "మేం ఓడెక్కి వచ్చేశాం. వాళ్లు రేవులోనే ఉండిపోయారు. కొత్త ప్రభుత్వం వాళ్లలో చాలామందిని గోడకి నిలబెట్టి కాల్చింది. సలజార్ మమ్మల్ని చావమన్నాడు. మావాళ్లు వాళ్లని చావనిచ్చారు" అన్నారు. ఆ పువ్వు పెట్టుకున్న రోజున కూడా ఆ మొహాలే గుర్తొస్తాయట. లేచి బిల్లు కట్టి వెళ్లిపోయారు. నా కాఫీకి కూడా కట్టేశారు.

మామ్మగారికి 1961లో పదమూడేళ్లు. మార్చిలో ఉత్తరాన చంపేస్తున్నారని వార్త రాగానే వాళ్ల నాన్న తుపాకీ మంచం పక్కన పెట్టుకుని పడుకునేవాడట. మే, జూన్‌లో లిస్బన్ నుంచి సైన్యం వచ్చింది, వీధిలో కవాతు చేస్తే ఆడపిల్లలంతా పూలు విసిరారట. ఆ తర్వాత భయం పోయింది. కొత్త రోడ్లు, కొత్త మేడలు, పోర్చుగల్ నుంచి ఇంకా ఇంకా మనుషులు వచ్చి స్థిరపడ్డారు. "రేడియోలో అంతా బాగుందన్నారు. పత్రికలో అంతా బాగుందన్నారు. 1973లో మేం ఇంటికి ఇంకో గది వేశాం" అంది. గది అన్నప్పుడు గొంతు మారింది. సోరెస్ పేరు ఆ రోజు ఎత్తలేదు. సలజార్ పేరూ ఎత్తలేదు.

మాస్టారూ, మీరు అడగమన్నది కూడా అడిగాను. బంగాళాదుంపలు చెక్కు తీస్తూ కూర్చున్నాం, ఆ మాటల్లోనే అడిగాను. వంట చేసింది ఒకాయనట. ఆవిడ పెళ్లికి ముందు పుట్టింట్లో, పెళ్లయ్యాక ఆవిడ దగ్గర, మొత్తం పదకొండేళ్లు. పిల్లలిద్దరికీ నడక నేర్పింది ఆయనేనట. విమానం ఎక్కిన రోజు సూట్‌కేసులు మోసుకుని ఎయిర్‌పోర్టు దాకా వచ్చాడట. పేరు వెంటనే చెప్పింది.

ఇంటిపేరేంటి మామ్మగారూ అన్నాను. కత్తి ఆపి చాలాసేపు ఆలోచించింది. తెలియదు అంది.